హైబ్రిడ్ గింజ మాట ఎందుకు తప్పుతుంది? క్రోమోజోముల ముడి, విడుపు



వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమన్నారు. ఇంటర్‌లో బైపీసీ వాళ్ళమంతా బట్టీపట్టి, పరీక్ష అయిన మర్నాడే మరచిపోయే పాఠం ఒకటుంది. అదే క్షయకరణ విభజన. లెప్టోటీన్, జైగోటీన్, పాకీటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్ అని వల్లెవేస్తూ స్టడీ అవర్‌లో కునుకు తీయనివాళ్ళు మనలో తక్కువ. ఆ పాఠంలోనే మా ఇంట్లో జరిగిన ఒక గొడవకు సమాధానం ఉందని నాకు ఎమ్మెస్సీకి వచ్చాక గానీ తెలియలేదు. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మా ఇంట్లో గొడవ

మాది గోదావరి అవతల, భద్రాచలం అడవి అంచున ఉన్న ఊరు. చర్ల, దుమ్ముగూడెం వైపు మిరప ఎంతగా వేస్తారో మీకు తెలుసు. కాయ కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వచ్చి చేలల్లోనే గుడిసెలు వేసుకుంటారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న ఎకరన్నర కౌలుకు తీసుకుని హైబ్రిడ్ మిరప వేశాడు. కాపు బాగా వచ్చింది. మళ్ళీ ఏడాది ప్యాకెట్ల ఖర్చు తప్పుతుందని మా అమ్మ కళ్ళంలో కూర్చుని ఎర్రగా, పొడుగ్గా, మచ్చలేని కాయలే ఏరింది. గింజలు తీసి, ఎండబెట్టి, బూడిద కలిపి సొరకాయ బుర్రలో దాచింది. మా అమ్మమ్మ కూడా విత్తనం అలాగే దాచేదట.

ఆ గింజలతో నారు పోసి నాటితే తోట తోటలా లేదు. కొన్ని మొక్కలు మోకాలెత్తు దాటలేదు, కొన్ని నడుమెత్తు పెరిగాయి. ఒక మొక్కకు సన్నకాయ, పక్క మొక్కకు పొట్టికాయ. కొన్ని ముందు పండాయి, కొన్ని పూతలోనే ఉన్నాయి. అమ్మబోతే కలగాపులగం సరుకని ధర తగ్గించారు. ఇంటికొచ్చిన నాన్న కోపమంతా అమ్మ మీద చూపించాడు. "ఏం గింజలు కలిపినవే అందులో?" అన్నాడు. కలపలేదని అమ్మ ఒట్టు పెట్టింది. ఆ ఏడు కౌలు అప్పుగా మిగిలింది, ఆ మాట మాత్రం చాలా ఏళ్ళు ఇంట్లో తిరిగింది.

అమ్మ ఏమీ కలపలేదు. కలిపిందీ, విడదీసిందీ క్షయకరణ విభజన.

సగం కావలసిన అవసరం

మిరప మొక్కలోని ప్రతి కణంలో 24 క్రోమోజోములు ఉంటాయి. వీటిని 12 జతలుగా చూడాలి. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చింది. ఇలా జోడుగా ఉండేవాటినే సమజాత క్రోమోజోములు అంటారు. వరికీ 24 క్రోమోజోములే, పత్తికి 52, మనిషికి 46.

ఇప్పుడు అండంలో 24, పుప్పొడిలో 24 ఉండి కలిస్తే పిల్ల మొక్కకు 48 అవుతాయి. దాని పిల్లకు 96. అలా జరగకూడదంటే అండం, పుప్పొడి తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సగం కావాలి. ఇలాంటి విభజన ఉండి తీరాలని జర్మనీ శాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్ 1887లోనే ఊహించాడు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన వాల్టర్ సటన్ అనే విద్యార్థి 1902లో మిడత కణాలను సూక్ష్మదర్శినిలో చూసి, మెండల్ చెప్పిన కారకాలు విడిపోయే తీరూ, క్రోమోజోములు విడిపోయే తీరూ ఒకటేనని గ్రహించాడు. మన చేలల్లో గంతులేసే మిడతల జాతి పురుగే జన్యుశాస్త్రానికి దారి చూపిందన్నమాట.

సగం అంటే ఏవో 12 తీసి పక్కన పడేయడం కాదు. ప్రతి జతలోంచి ఒక్కటే, కచ్చితంగా ఒక్కటే వెళ్ళాలి. చీకట్లో 12 జతల చెప్పులు కుప్పపోసి, ఒక్కో జతలోంచి ఒక్కొక్కటి తీసి రెండు సంచుల్లో వేయమంటే మనం ఏం చేస్తాం? ముందు ఏ చెప్పుకు ఏది జోడో వెతికి, రెండూ కలిపి కడతాం. ఆ తరువాతే విడదీస్తాం. కణం చేసేదీ అదే. సరిగ్గా విడదీయడానికే ముందు గట్టిగా కట్టిపెడుతుంది.

తాళ్ళతో చేసి చూడండి

ఇది బొమ్మ చూస్తే అర్థం కాదు, చేసి చూడాలి. ఒకే పొడవున్న రెండు ఎర్ర తాళ్ళు, రెండు తెల్ల తాళ్ళు తీసుకోండి. ఎర్రవి తల్లి క్రోమోజోము, తెల్లవి తండ్రి క్రోమోజోము. ఒక్కోటి రెండు తాళ్ళెందుకంటే, విభజనకు ముందే కణం ప్రతి క్రోమోజోముకూ అచ్చంగా నకలు రాసుకుంటుంది. ఆ రెండు ప్రతులనే సోదర క్రోమాటిడ్లు అంటారు.

మన వైపు ఎండాకాలంలో తునికాకు కోసి, ఆకులు పేర్చి నారతో కట్ట కడతారు కదా. అలాగే రెండు ఎర్ర తాళ్ళను పక్కపక్కన పెట్టి మధ్యలో ఒకచోట, కింద కొసన ఒకచోట నారతో కట్టండి. తెల్లవాటినీ అలాగే కట్టండి. మధ్య ముడి ఉన్నచోటు సెంట్రోమియర్ అనుకోండి.

ఇప్పుడు ఒక ఎర్ర తాడునూ, ఒక తెల్ల తాడునూ మధ్య ముడికీ కింది ముడికీ నడుమ ఒకే ఎత్తులో కోయండి. ఎర్రదాని పైముక్కకు తెల్లదాని కిందిముక్కను, తెల్లదాని పైముక్కకు ఎర్రదాని కిందిముక్కను అతికించండి. పాఠంలో వినిమయం అని చదివింది ఇదే. సూక్ష్మదర్శినిలో అడ్డగీతల్లా కనిపించే కయాస్మాలు ఈ అతుకులే.

ఇప్పుడు ఎర్ర జతను మధ్య ముడి దగ్గర ఒక చేత్తో, తెల్ల జతను మధ్య ముడి దగ్గర ఇంకో చేత్తో పట్టుకుని చెరో వైపు లాగండి. రావు. ఎర్ర తాళ్ళకూ తెల్ల తాళ్ళకూ నడుమ ఎక్కడా నార కట్టలేదు. అయినా రావు. అతుకుకు కిందున్న కొస ముళ్ళే వాటిని పట్టి ఉంచాయి. కొస ముళ్ళు రెండూ కోయండి. ఎర్ర జత ఒకవైపు, తెల్ల జత ఒకవైపు వచ్చేస్తాయి. ఇది మొదటి విభజన. కానీ మధ్య ముళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ప్రతి జతలోని రెండు తాళ్ళూ కలిసే ఉంటాయి. తరువాత మధ్య ముళ్ళు కూడా కోస్తే నాలుగు తాళ్ళు నాలుగు దిక్కులకు పోతాయి. ఇది రెండో విభజన. వాటిలో ఒకటి పూర్తి ఎరుపు, ఒకటి పూర్తి తెలుపు, రెండు కలిసిన రంగులు. క్షయకరణ విభజన అంతా ఈ నాలుగు తాళ్ళలో ఉంది.

నార, కత్తి, కాపలా

కణంలో ఈ నార ఏమిటో తెలిసింది ఈమధ్యనే. 1997లో అమెరికాలో డగ్లస్ కోష్‌లాండ్ బృందం, వియన్నాలో కిమ్ నాస్మిత్ బృందం ఈస్ట్ కణాల్లో దాన్ని కనుగొన్నాయి. దాని పేరు కొహెసిన్. కొన్ని ప్రోటీన్లు కలిసి ఉంగరంలా ఏర్పడి రెండు క్రోమాటిడ్లనూ లోపల బంధిస్తాయి. క్షయకరణ విభజనలో ఆ ఉంగరంలోని ఒక భాగం బదులు రెక్8 అనే ప్రత్యేకమైన ప్రోటీన్ వచ్చి చేరుతుంది.

నారను కోసే కత్తి పేరు సెపరేజ్. అది ఎప్పుడూ కణంలోనే ఉంటుంది, కానీ ఒరలో ఉంటుంది. క్రోమోజోములన్నీ వరుసలో నిలబడ్డాక గానీ ఒర తియ్యరు. అది రెక్8ను కోస్తే ఉంగరం తెగుతుంది.

మరి మొదటి విభజనలో కొస ముళ్ళను కోసిన కత్తి మధ్య ముడిని ఎందుకు వదిలింది? అక్కడ ఒక కాపలాదారు ఉన్నాడు. 2004లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి వటనాబె బృందం అతన్ని గుర్తించి షుగోషిన్ అని పేరు పెట్టింది. జపాన్ భాషలో ఆ మాటకు కాపాడే దేవత అని అర్థం. మన ఊరి పొలిమేరలో ముత్యాలమ్మ ఉన్నట్టు సెంట్రోమియర్ దగ్గర షుగోషిన్ ఉంటుంది. మొదటి విభజన అయ్యేదాకా మధ్య ముడిని తెగనివ్వదు. రెండో విభజనలో ఆ కాపు తొలగుతుంది, ముడి తెగుతుంది.

లాగే పని కండె తంతువులది. కండె అంటే నేతపనిలో నూలు చుట్టేది. కణంలోని ఈ కండె కూడా రెండు కొసల మధ్య దారాలు పోసినట్టే ఉంటుంది. ఎర్ర జతను ఒక కొస, తెల్ల జతను ఇంకో కొస లాగితే తాడు బిగుస్తుంది. రెండింటినీ ఒకే కొస లాగితే బిగువు ఉండదు. కణానికి ఆ బిగువే గుర్తు. 1969లో అమెరికాలో బ్రూస్ నిక్లస్ మిడత కణాల్లో సన్నని సూదితో క్రోమోజోములను లాగి చూశాడు. తప్పు వైపు పట్టుకున్న జతను సూదితో లాగి బిగువు కల్పిస్తే కణం ఆ తప్పు పట్టునే నిలుపుకుంది. లాగడం మానేస్తే పట్టు వదిలి మళ్ళీ సర్దుకుంది. తాడు బిగువుగా ఉంటే పట్టు నిలుస్తుంది, వదులైతే జారుతుంది. ముందు కట్టిపెట్టకపోతే ఈ బిగువే రాదు. కట్టడం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

4,096లో ఒకటి

ఇక మా మిరప చేనుకు వద్దాం. హైబ్రిడ్ ప్యాకెట్ తయారుచేసేవాళ్ళు రెండు శుద్ధమైన వరుసలను తీసుకుని ఒకదాని పుప్పొడితో రెండోదాన్ని సంకరం చేస్తారు. శుద్ధమైన వరుస అంటే దాని ప్రతి జతలోనూ రెండు క్రోమోజోములూ ఒకేలా ఉంటాయి. ఏది విడిపోయి ఎటుపోయినా తేడా రాదు. అందుకే ప్యాకెట్‌లోని గింజలన్నీ కవల పిల్లల్లా ఉంటాయి. ప్రతి గింజలోనూ 12 జతలు, ప్రతి జతలోనూ ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. ఆ కలయికలోనే దాని బలం ఉంది.

ఆ గింజ మొక్కై పూత పట్టినప్పుడు దాని పువ్వుల్లో క్షయకరణ విభజన జరుగుతుంది. ఎర్రది ఒకవైపు, తెల్లది ఒకవైపు పోతాయి. ప్రతి జతా దేనికదే, పక్క జతతో సంబంధం లేకుండా. 12 జతలంటే 4,096 రకాల అండాలు, 4,096 రకాల పుప్పొడి. ఒక జతలో మళ్ళీ ఒక ఎరుపు, ఒక తెలుపు కలిసే అవకాశం సగం. 12 జతల్లోనూ అలాగే కలిసే అవకాశం 4,096లో ఒకటి. పదివేల మొక్కలు నాటామనుకోండి, తల్లిని పోలినవి రెండో మూడో ఉంటాయి. వినిమయంలో మారిన ముక్కలను కూడా లెక్కేస్తే అవీ ఉండవు. పైగా తేనెటీగలు పక్క తోట పుప్పొడి తెస్తాయి.

ఇంకో సంగతి. అమ్మ ఏరిన కాయ తల్లి మొక్కది. దాని రంగు, పొడవు, తోలు అన్నీ తల్లివి. లోపలి గింజ మాత్రం తరువాతి తరానిది. కాయను చూసి గింజను పోల్చడం ఎవరివల్లా కాదు. ఒకే కాయలోని రెండు గింజలు కూడా ఒకటి కాదు.

మరి మా అమ్మమ్మ దాచిన విత్తనం ఎందుకు మాట తప్పలేదు? అవి నాటు రకాలు. తరతరాలుగా ఏరి, విత్తి, మళ్ళీ ఏరడం వల్ల వాటి జతలు చాలావరకు ఒకేలా అయిపోయాయి. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్.సి.ఎ.-334 వంటి సూటి రకాలూ అంతే. అమ్మ పద్ధతి తప్పు కాదు. ఆ పద్ధతి సూటి రకానిది, చేతికొచ్చిన గింజ హైబ్రిడ్‌ది.

పట్టు సడలితే

ఇలా తల్లి మీద నింద పడే చోటు ఇంకొకటి ఉంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో క్షయకరణ విభజన మొదలై, మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు కట్టిన కొహెసిన్ ముళ్ళతోనే ఒక్కో అండం ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు ఎదురుచూస్తుంది. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో ఆ ముళ్ళను అండం మళ్ళీ కొత్తగా వేసుకున్న ఆనవాళ్ళు కనబడలేదు. పాత నార సడలినట్టు వయసుతో అవీ సడలుతాయి. క్రోమోజోములు వేళకు ముందే విడిపోయి తప్పు వైపు పోతాయి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడైతే డౌన్ సిండ్రోమ్ వస్తుందని 1959లో పారిస్ పరిశోధకులు చూపారు. తల్లికి 35 ఏళ్ళప్పుడు పుట్టేవారిలో సుమారు 350 మందికి ఒకరు, 40 ఏళ్ళప్పుడు సుమారు 100 మందికి ఒకరు ఇలా పుడతారు. చిన్న వయసు తల్లులకూ జరగవచ్చు. మన ఊళ్ళల్లో అలాంటి బిడ్డ పుడితే తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, ఏదో తినరానిది తిన్నదనో అంటారు. అది ఆమె చేసిన పనికి ఫలితం కాదు. మనం పుట్టకముందే కట్టిన ముడి ఎప్పుడు సడలుతుందో ఎవరి చేతిలో ఉంటుంది?

హైదరాబాద్‌లో దొరికిన దారి

ఈ విడిపోవడాన్నే ఆపితే? అప్పుడు హైబ్రిడ్ గింజ కూడా ఏటేటా అలాగే వస్తుంది కదా. ప్రకృతిలో ఇలాంటివి ఉన్నాయి. ఒక నిమ్మ గింజ పాతితే ఒక్కోసారి రెండు మూడు మొలకలు రావడం చూసే ఉంటారు. వాటిలో కొన్ని అండంతో పని లేకుండా తల్లి కణాల నుంచే నేరుగా పుట్టి, అచ్చం తల్లిలాగే ఉంటాయి.

దీన్ని ఇతర మొక్కల్లో తేవడానికి ఒక ముఖ్యమైన అడుగు మన హైదరాబాద్‌లోనే పడింది. హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద 1977లో మొదలైన సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఇమ్రాన్ సిద్ధిఖీ బృందం ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద పనిచేస్తూ, డయాడ్ అనే జన్యువు గురించి 2000లో ప్రకటించింది. క్రోమాటిడ్ల పట్టును నిలబెట్టడానికి ఆ జన్యువు కావాలి. అది చెడితే అండాశయంలో నాలుగు కణాలకు బదులు రెండే వస్తాయి. డయాడ్ అంటే జంట అనే అర్థం అందుకే. అలాంటి మొక్కల్లో గింజలు పట్టడం చాలా తక్కువ. కానీ పట్టిన కొన్నింటిని మరుతాచలం రవి, మోహన్ మారిముత్తు, సిద్ధిఖీ పరీక్షించి 2008లో నేచర్ పత్రికలో ఫలితం చెప్పారు. వాటిలో చాలావాటికి 10కి బదులు 15 క్రోమోజోములున్నాయి. అంటే అండం సగం కాకుండా తల్లి 10 క్రోమోజోములనూ మొత్తంగా తెచ్చుకుంది, పుప్పొడి 5 ఇచ్చింది. క్షయకరణ విభజన జరగకుండానే అండం తయారైందన్నమాట.

2009లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గరి రాఫెల్ మెర్సియే బృందం మూడు మార్పులతో ఇదే పని సాధించింది. మన తాళ్ళ ఆటలో చెప్పాలంటే, ఎరుపు తెలుపులను అతికించకుండా చూశారు. రెక్8 తీసేసి మొదటి విభజనలోనే అన్ని ముళ్ళూ విప్పారు. రెండో విభజన లేకుండా చేశారు. 2011లో సీసీఎంబీ, ఫ్రాన్స్, అమెరికాలోని డేవిస్ పరిశోధకులు కలిసి, తండ్రి క్రోమోజోములు ఫలదీకరణ తరువాత రాలిపోయే పద్ధతిని దీనికి జతచేసి, పిల్లల్లో 34 శాతం దాకా అచ్చం తల్లిలాంటివి పుట్టించారు. 2019లో డేవిస్‌లోనే ఇంతియాజ్ ఖండే, వెంకటేశన్ సుందరేశన్ బృందం వరిలో తల్లిని పోలిన గింజలు తీసింది. 2022లో హైబ్రిడ్ వరిలో అలాంటి గింజలు 95 శాతం దాటాయి.

ఇవి ప్రయోగ క్షేత్రాల సంగతులు, మన ఊరి దుకాణంలో దొరికే విత్తనం కాదు. దొరికేనాటికి అది రైతు బుర్రలో నిలవుండే గింజ అవుతుందా, పేటెంటు కాగితం కింద ఉండే గింజ అవుతుందా అన్నది శాస్త్రం ఒక్కటే తేల్చదు. విత్తనం దాచుకునే, తిరిగి విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ మనకు ఇచ్చింది. బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. చట్టం వద్దనని పనిని హైబ్రిడ్‌లో క్షయకరణ విభజన వద్దంటోంది.

అలాగని విడిపోవడం చెడ్డదని అనుకోవద్దు. 2021లో నల్ల తామరపురుగు ఖమ్మం, వరంగల్ మిరప తోటలను దెబ్బతీసింది. అలాంటి పురుగును తట్టుకునే మొక్కను వెతకాలంటే తేడా ఉన్న మొక్కలు కావాలి. ఆ తేడాలను పుట్టించేది ఈ విడిపోవడమే. ఒక్క తల్లి పిల్లలమైనా మనం ఒకరిలా ఒకరం లేకపోవడానికీ అదే కారణం.

తమ్ముళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. విత్తన ప్యాకెట్ మీద హైబ్రిడ్ అనో, ఎఫ్-1 అనో ఉందేమో మీరే చదివి ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఉంటే ఆ పంట గింజ దాచవద్దని, బిల్లు మాత్రం దాచమని చెప్పండి. సూటి రకమైతే దాచుకోవచ్చు.

పోయిన సంక్రాంతికి నేను ఎర్ర తాళ్ళు, తెల్ల తాళ్ళు పట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చుని నాన్నకు ఇదంతా చేసి చూపించాను. ముళ్ళు కోసి, తాళ్ళు వేరుచేసి, మళ్ళీ కలిపి చూపించాను. ఆయన నాలుగు తాళ్ళనూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "అయితే అది కలపలేదన్నమాట" అన్నాడు. లోపల పొయ్యి దగ్గరున్న అమ్మ ఆ మాట విన్నది. "ఇన్నేళ్ళకా?" అన్నది. అంతే. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నా చదువు మా ఇంటికి పనికొచ్చింది ఆ రోజే అనిపించింది.

– ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (వృక్షశాస్త్రం)